కడాయిలో గడ్డకట్టిన పరువు

ఈ ముచ్చట నేను నలభై ఏళ్ల కిందటే రాయవలసింది. రాయలేదు. తీరిక లేక కాదు, సిగ్గుపడీ కాదు. నాకు రాయడం రాదు, అంతే. ఇంతకంటే గట్టి కారణం ఏ రచయిత దగ్గరా ఉండదనుకుంటాను.

ఇన్నేళ్లూ నా బదులు చదివిపెట్టడానికి నా నేస్తం ఎస్తేరు ఉండేది. ఉత్తరం వచ్చినా, బస్సు బోర్డు చూడాలన్నా, మందు సీసా మీద ఏముందో తెలియాలన్నా ఎస్తేరే. ఈమధ్య ఆమె కళ్లకు పొరలు కమ్మాయి. ఒకరోజు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఇన్నేండ్లు నీకు నేను చదివిపెట్టిన. ఇగ నువ్వు నేర్చుకొని నాకు చదువు," అంది. అలా అరవై దాటాక పలక పట్టాను. గుణింతాలయ్యాయి. ఒత్తులయ్యాయి. మొదట ఏం రాయమంటావని అడిగితే ఆమె క్షణం కూడా ఆలోచించలేదు.

"కడాయి ముచ్చట రాయి. ఒక్క ముక్క దాచినా నాకు తెలుస్తది. నేను ఆడనే ఉన్న."

ఇక దాచి లాభం లేదు. ముందే చెప్పేస్తున్నాను: ఇందులో ఒక బస్తా సరుకు గంగపాలవుతుంది, ఒక పెళ్లివారి బూందీ ఆగిపోతుంది, ఒక టీచరమ్మ ఉద్యోగం మీదికి వస్తుంది. అన్నింటికీ కారణం ఒక్క మనిషి. వికారాబాద్ నుంచి తాండూరు దాకా తనంత తెలివిగలది మరొకతె లేదని ఆ మనిషి నమ్మేది. మీరు ఊహించినట్టే ఆ మనిషి పేరు నర్సమ్మ, అంటే నేనే.

మా పుట్టిల్లు తాండూరు. మావాళ్లది సున్నపు బట్టీ. మిగతా పిల్లలు బొమ్మలతో ఆడుకునే వయసులో నేను సున్నపు రాళ్లతో ఆడుకున్నాను. పెళ్లయ్యాక, మా ఆయనకు రైలు పట్టాల మీద పని కనుక, వికారాబాద్‌లో కాపురం పెట్టాం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లయి ఉంటుంది. ఆడవాళ్లకు పింగాణీ పని నేర్పిస్తామని స్టేషను వెనక ఒక పాత గోదాములో తరగతి పెట్టారు. గిన్నెలకూ పళ్లాలకూ అచ్చులు ఎలా చేయాలో నేర్పుతారట. అది బాగా వస్తే తర్వాత గాజు సామానుకు అచ్చులు కూడా నేర్పుతారట. అన్నింటికన్నా పెద్ద సంగతి, తరగతి అయ్యాక తాండూరులో ఒక అచ్చుల షెడ్డు పెట్టి, నేర్చుకున్నవాళ్లలో ఒకరికి అప్పగిస్తారట.

ఆ మాట చెవిన పడగానే నేను తాండూరు వెళ్లి మా వాడకట్టు అంతా చెప్పి వచ్చాను. "షెడ్డు నాకే ఇస్తున్నరు," అన్నాను. అప్పటికి తరగతిలో పేరు కూడా రాయించుకోలేదు.

అక్కడే వచ్చింది చిక్కు. చదవడం, రాయడం వచ్చినవాళ్లనే తీసుకుంటారట.

మా ఆయనతో చెప్పాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "సంతకం వస్తే సాలదా? మా దగ్గర జీతానికి సంతకం ఒక్కటే అడుగుతరు," అన్నాడు. బొగ్గు ముక్కతో గచ్చు మీద నా పేరు రాసి చూపించాడు. నేను దాన్ని అక్షరాల్లా నేర్చుకోలేదు, ముగ్గులా నేర్చుకున్నాను. మొదటిది తోక ముడుచుకుని కూర్చున్న పిల్లి. నడిమిది నెత్తిన తువ్వాల చుట్టిన కుండ. చివరిది బిడ్డను చంకనేసుకున్న తల్లి. పిల్లి, కుండ, తల్లి. వారం రోజులు ఇల్లంతా పిల్లులు, కుండలు, తల్లులతో నింపేశాను.

తరగతికి వెళ్లి, రిజిస్టరులో ఆ ముగ్గు వేశాను. రత్నమ్మ టీచరు చూసి కళ్లద్దాలు సర్దుకుంది. ఆమె ఈ పని నేర్చుకుని మొదటిసారి ఇతరులకు నేర్పుతున్న మనిషి, అన్నీ పద్ధతి ప్రకారం జరగాలనుకునే మనిషి.

"ఎంత ముద్దుగున్నది నీ రాత! గుండ్రంగ, ముత్యాలోలె. నర్సమ్మా, క్లాసుకు నువ్వే పెద్ద."

మేం ఆరుగురం. మిగతా ఐదుగురికీ నిజంగానే చదువు వచ్చు. వాళ్ల రాత కోడి గెలికినట్టుంటుంది. పాపం, వాళ్లు అక్షరాలన్నీ నేర్చుకున్నారు కదా, ఒక్కో అక్షరం మీద పెట్టడానికి వాళ్లకు అంత తీరిక ఎక్కడిది?

ఆ ఐదుగురిలో ఒకతె ఎస్తేరు. మిషను బడిలో చదివింది. నోరు కత్తెర. మొదటి రోజు నుంచీ నన్ను అనుమానంగా చూసేది.

"నర్సమ్మా, టీచరమ్మ చెప్పింది రాసుకుంటున్నవా?"

"రాసుకుంటున్న."

"ఏదీ, చూడని."

"నా నోట్సు నేనెందుకు చూపిస్త? నువ్వు నకలు కొడతవ్."

నా నోటుపుస్తకంలో అప్పటికి మూడు పేజీల నిండా పిల్లులూ, కుండలూ, తల్లులూ ఉన్నాయి.

పది రోజులు మట్టి పిసకడంతో, కర్రతో పలకల్లా వత్తడంతో, గిన్నెల నమూనాలు చెక్కడంతో గడిచాయి. పదకొండో రోజు రైల్లో ఒక చిన్న బస్తా దిగింది. లోపల తెల్లటి పొడి. అచ్చులు పోయడానికి అదే కావాలట. హైదరాబాద్ నుంచి ఒక పెద్ద సాబు మరునాడు వచ్చి, మేం అచ్చులు పోస్తుంటే చూసి, తరగతి నడపాలో మూసేయాలో, తాండూరు షెడ్డు ఎవరికివ్వాలో తేలుస్తాడట.

మరునాడు పొద్దున టీచరమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. గోడకు ఒక కాగితం అంటించింది.

"సాబును తోలుకరానీకి నేను స్టేషనుకు పోతున్న. వచ్చేవరకు అన్ని తయారుండాలె. ఏం చెయ్యాలె, ఏం చెయ్యొద్దు, అన్ని గీ కాగితంల రాసిన. నర్సమ్మా, జర సదువుకొని, గట్లనే చేయించు."

"మీరు ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాను.

ఆమె వెళ్లింది. నేను కాగితం ముందు నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకుని, పై నుంచి కింది దాకా చూసి, రెండుసార్లు తలూపాను. చదువుకున్నవాళ్లు అలాగే చేస్తారు. మీరూ గమనించే ఉంటారు.

"కాగితం చూసినవా?" అని అడిగింది ఎస్తేరు.

"చూసిన," అన్నాను. అది అబద్ధం కాదని ఇప్పటికీ వాదించగలను.

"ఏమున్నది అండ్ల?"

"ఏముంటది? మట్టి తెమ్మన్నది. మీ ఐదుగురు పోయి, చెరువుకాడి గుంతల నుంచి మంచి మట్టి తెండ్రి. మిగతాది నేను చూసుకుంట."

బకెట్లన్నీ తీసుకుని వాళ్లు వెళ్లారు. నేనూ, బస్తా మిగిలాం.

బస్తా విప్పాను. పొడిని వేళ్ల మధ్య నలిపాను. తెల్లగా, మెత్తగా ఉంది. నాకు నవ్వొచ్చింది. ఇంత హడావుడి చేసి రైల్లో తెప్పించింది సున్నాన్నా! సున్నం పని ఈ ఊళ్లో నాకు తప్ప ఎవరికి తెలుసు? సున్నాన్ని నీళ్లలో వేసి నానబెట్టాలి. అది కుతకుత ఉడుకుతుంది, బుసకొడుతుంది, తర్వాత చల్లారి వెన్నలా అవుతుంది. ఎంత నానితే అంత మంచిది. పాపం, పట్నంలో నేర్చుకున్న టీచరమ్మకు ఈ సంగతి తెలిసి ఉండదు. సాబు వచ్చేసరికి వెన్నలాంటి సున్నం తయారుగా ఉంటే, తాండూరు షెడ్డు తాళంచెవి అక్కడికక్కడే నా కొంగుకు కట్టేయడూ?

నానబెట్టడానికి గిన్నె లేదు. ఎదురుగా మిఠాయి దుకాణం. సేటమ్మ వాకిట్లో బోర్లించిన పెద్ద ఇనుప కడాయి కనిపించింది, చిన్న పిల్లవాణ్ణి కూర్చోబెట్టి నీళ్లు పోయొచ్చు, అంతటిది.

"సేటమ్మా, జర కడాయి ఇస్తవా? పట్నం నుంచి సాబు వస్తున్నడు."

"సాబు వస్తే నా కడాయి ఎందుకు? వేయించుకొని తింటరా?" అంది సేటమ్మ. "మాపటికి పెళ్లోళ్ల బూందీ కొట్టాలె. పగటిజాముకల్ల తెచ్చియ్యాలె. నూనె జిడ్డున్నది, తోముకొని వాడుకో."

"తోముకుంట," అన్నాను. తోమలేదు. ఎవరు తోముతారు అంత కడాయిని?

బస్తా మొత్తం కడాయిలో కుమ్మరించాను. నీళ్లు పోశాను. మా పుట్టింట్లో తిప్పినట్టే వెదురు కర్రతో తిప్పాను. కాసేపటికి కడాయికి చెయ్యి ఆనించి చూస్తే, వేడెక్కుతోంది! నా సంతోషం చూడాలి మీరు. ఉడుకుతోంది, సున్నమే! నేనెప్పుడైనా తప్పానా? ఇక బుసకొట్టడం మొదలవుతుందని కర్రను కడాయిలోనే నిలబెట్టి, పక్కన కూర్చుని, తాండూరులో షెడ్డు ముందు అరుగు ఎంత ఎత్తు కట్టించాలో ఆలోచించసాగాను.

బుస రాలేదు. పొంగు రాలేదు. అరుగు సంగతి తేలాక లేచి కర్ర పట్టుకున్నాను. కర్ర కదలలేదు. రెండు చేతులతో పట్టాను. కదలలేదు. కాలు కడాయికి తన్నిపెట్టి లాగాను. కడాయి నా వైపు వచ్చింది, కర్ర మాత్రం రాలేదు.

వేలితో గుచ్చి చూశాను. గోరు విరిగింది.

ఎస్తేరు వాళ్లు మట్టి బకెట్లతో వచ్చేసరికి నేను కడాయి పక్కన కూర్చుని ఉన్నాను. జెండా కర్రలా నిలబడి ఉంది ఆ వెదురు.

"ఏందే గిది?" అంది ఎస్తేరు.

"నానుతున్నది."

"ఏది నానుతున్నది? రాయోలె ఉన్నది!"

"మొదట గట్టిగుంటది, తర్వాత మెత్తగైతది," అన్నాను.

ఎస్తేరు బకెట్ కింద పెట్టి, గోడ దగ్గరికి పోయి కాగితం చదివింది. పెదవులు మాత్రమే కదిలాయి. వెనక్కి తిరిగి నా వైపు చూసింది. మళ్లీ కాగితం చూసింది. ఎస్తేరు ఏమీ అనకపోవడం అదే మొదటిసారి.

అప్పుడే సేటమ్మ వచ్చింది.

"నా కడాయేది?" అంటూ లోపలికి తొంగిచూసి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఓ నీ చేతులు పడిపోను! గిది దవాఖానాల విరిగిన కాళ్లకు వేసే పట్టీ పొడి గాదూ? మా మామకు వేసిండ్రు. నెల దినాలు ఊడలే! నెల దాక పెళ్లోళ్లు బూందీ కోసం కూసుంటరా?"

"ఊడుతది సేటమ్మా..."

"ఎట్ల ఊడుతది? మా మామకు రంపంతోని కోసిండ్రు! నా కడాయిని కోస్తవా?"

ఆరుగురం, సేటమ్మతో ఏడుగురం, కడాయిని పట్టుకుని బోర్లించాం. వెదురు ఫెళ్లున విరిగింది. సేటమ్మ రోకలితో కడాయి వీపు మీద ఒక్కటి వేసింది. ఆ దెబ్బ మనసులో నాకే వేసిందని తెలుస్తూనే ఉంది. ఇంకొకటి వేసింది. మూడో దెబ్బకు లోపల ఏదో కదిలింది. కడాయి ఎత్తాం. ఖాళీగా తేలిగ్గా వచ్చేసింది. కింద తెల్లగా, నున్నగా, ఒక్క గీత లేకుండా, గుమ్మటంలా కూర్చుని ఉంది నా సున్నం.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో టీచరమ్మా, ఆమె వెనక సాబూ నిలబడి ఉన్నారు.

టీచరమ్మ ఖాళీ బస్తాను చూసింది. గుమ్మటాన్ని చూసింది. ముఖంలో రక్తం లేదు. ఒక్క అచ్చు కూడా పోయలేదు, పొడి మొత్తం అయిపోయింది. తరగతి మూసేస్తే ఆమె పని కూడా పోతుందని ఆ ముఖం చూశాకే నాకు అర్థమైంది. అప్పటిదాకా నా అరుగు తప్ప నాకేమీ కనబడలేదు.

"అరె వాహ్!" అన్నాడు సాబు. గుమ్మటం చుట్టూ తిరిగి, వంగి, అరచేత్తో నిమిరాడు. "గింత పెద్ద అచ్చు! గింత సాఫ్! ఎట్ల ఊడొచ్చింది టీచరమ్మా, ఎక్కడ అంటుకోకుండ?"

టీచరమ్మ కడాయి దగ్గరికి వెళ్లి, లోపల వేలు పెట్టి రాసి చూసింది. వేలు నూనెతో మెరిసింది. ఆమె తల ఎత్తినప్పుడు ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది.

"జిడ్డు రాస్తే పొడి అంటుకోదు సాబ్. అచ్చు పనికి అదే మూలం. గిప్పుడు చూడుండ్రి," అంది. ఎస్తేరు తెచ్చిన మట్టిని పలకలా వత్తించి, గుమ్మటం మీద పరిచి, తడిచేత్తో అదిమింది. సాబు చాయ తాగి వచ్చేలోగా మట్టిలోని తడిని గుమ్మటం పీల్చుకుంది. టీచరమ్మ అంచులు కోసి మెల్లగా ఎత్తింది. పెద్ద పళ్లెం! ఎలాంటి పళ్లెమంటే, సేటమ్మ కూడా తిట్లు ఆపి, "బూందీకి మంచిగుంటది," అంది.

"గిది ఎవరు చేసిండ్రు?" అన్నాడు సాబు.

"నర్సమ్మ," అన్నారు అందరూ. తప్పయినా ఒప్పయినా అందరూ కలిసి నా పేరే చెప్పారు.

"షాబాష్! టీచరమ్మా, గీ బిడ్డ సంతకం రిజిస్టర్ల చూసిన, మస్తు రాత." సాబు జేబులోంచి పెన్ను తీశాడు. "రాయి బిడ్డా, ఎట్ల చేసినవో నీ చేతితోని రాసియ్యి. ఊరూరికి పంపుత. నీ తాండూరు షెడ్డు కాగితం కూడ దానితోనే జోడిస్త."

పెన్ను నా చేతిలో ఉంది. తెల్లకాగితం ముందు ఉంది. ఎనిమిది జతల కళ్లు నా మీద ఉన్నాయి. ఇంకెవరైనా అయితే అప్పుడే నిజం ఒప్పుకునేవారు. నేను మాత్రం పెన్ను వంచాను.

పిల్లి, కుండ, తల్లి.

ఒక్కటే ఉంటే బాగుండదని ఇంకొకటి వేశాను. పిల్లి, కుండ, తల్లి. అక్కడక్కడా ఆగి, ఆలోచిస్తున్నట్టు పైకి చూశాను. నిమ్మళంగా, పేజీ కింది దాకా నింపి, అడుగున చివరగా సంతకం పెట్టాను. అంటే పిల్లి, కుండ, తల్లి.

సాబు కాగితం తీసుకుని కళ్లద్దాలు పెట్టుకున్నాడు. పైకే చదివాడు.

"నర్సమ్మ. నర్సమ్మ నర్సమ్మ. నర్సమ్మ, నర్సమ్మ..." ఆగాడు. కాగితం తిరగేసి చూశాడు. "నర్సమ్మ. ఇట్లు, నర్సమ్మ."

నేను పెన్ను ఆయన చేతికి తిరిగి ఇచ్చేశాను.

"నాకు గదొక్కటే వస్తది సాబ్," అన్నాను. "ఆ కాగితం సదవరాలే. సున్నమనుకొని నానబెట్టిన. టీచరమ్మ తప్పు లేదు, ఆమెకు తెల్వదు."

టీచరమ్మ కళ్లు మూసుకుంది. సాబు ముఖం గంభీరంగా పెట్టుకున్నాడు కానీ ఆయన మీసాలు ఆయన మాట వినడం లేదు.

"కాయిదా కాయిదానే," అన్నాడు, రూలు మార్చలేనన్నట్టు. "చదువుడు, రాసుడు వచ్చినోళ్లకే క్లాసు."

నా షెడ్డు, నా అరుగు, తాండూరు వాడకట్టులో నా తలకాయ, అన్నీ ఒక్కసారిగా కూలాయి. అప్పుడు ఎస్తేరు ముందుకొచ్చింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

"సాబ్, రాయొస్తది గదా ఆమెకు," అంది. "ఒక్క మాట రాయొస్తది. ఎన్ని మాటలు రావాలెనో కాయిదాల ఉన్నదా?"

సాబు రత్నమ్మ టీచరు వైపు చూశాడు. టీచరమ్మ కళ్లు తెరిచి, "లేదు సాబ్, గట్లేం రాసిలేదు," అంది, ఎన్నడూ లేని వేగంతో.

"చదువుడు?"

"ఆమె పేరు ఆమె చదువుకుంటది. మిగిలింది నేను చదివిపెడత," అంది ఎస్తేరు. "తాండూరుకు ఇద్దరం పోతం. ఆమె కలుపుతది, నేను చదువుత. ఉత్తగ కలపనిస్తే ఊరు ఊరంతా గడ్డకడతది."

సాబు ఇక ఆపుకోలేకపోయాడు. కుర్చీలో కూర్చుని, కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. "సరే, తాండూరుకు ఇద్దరు పోండ్రి," అని, నా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. అది ఊరూరికీ వెళ్లిందో లేదో నాకు తెలియదు. వెళ్లి ఉంటే, ఏదో ఊళ్లో పింగాణీ నేర్చుకునే ఆడవాళ్లు అచ్చు పోసే ముందు నా పేరు పద్నాలుగు సార్లు జపించే ఉంటారు.

ఆ రోజే గుమ్మటం మీద చెయ్యి పెట్టి, అందరి ముందూ ప్రమాణం చేశాను. తెల్లగా ఉన్నదేదైనా సరే, సున్నమైనా, పిండైనా, చివరికి మా ఆయన ధోవతి అయినా సరే, అదేమిటో నలుగురిని అడగకుండా ఈ జన్మలో నీళ్లలో వేయను. ధోవతి విషయంలో ఆ మాట ఈనాటికీ తప్పలేదు. ఇన్నేళ్లూ ఆయనే ఉతుక్కున్నాడు.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు గోదాముకు వెళ్లాను. రాత్రి ఆలస్యంగా పెళ్లివారి బూందీ కొట్టిన కడాయిని రెండుసార్లు తోమి, సేటమ్మ వాకిట్లో బోర్లించి వచ్చాను. ఎస్తేరు వచ్చేదాకా గోడ మీది కాగితం దగ్గర నిలబడ్డాను, చేతులు వెనక్కి పెట్టుకోకుండా, తల ఊపకుండా.

"సదువు," అన్నాను.

ఆమె మొదటి వరుస మీద వేలు పెట్టి చదివింది. "నేను వచ్చేదాక పొడిని నీళ్లల్ల కలపొద్దు."

"ఇంకోసారి సదువు," అన్నాను.